గోడ మీద చక్రం

ఇరుసు సరిగ్గా నడిమికి విరిగింది. చిన్నోడు సైకిలు తలకిందులు చేసి, వెనకచక్రం ఊడదీసి, హబ్‌లోంచి ఇరుసు పట్టి లాగితే చెరో వైపు నుంచి చెరో తుండూ చేతికొచ్చింది. వెంటనే బేరింగ్ గోళీలు జలజలా రాలి వరండా అంతా దొర్లాయి. లోపల గ్రీజు అన్నది పేరుకే. అంతా నల్లటి మడ్డి, దాన్నిండా ఇసుక.

"ఆడమనిషి తొక్కిన సైకిలులా ఉందా ఇది? ఏనుగు తొక్కినట్టుంది," అన్నాడు తుండు పైకెత్తి పెళ్ళానికి చూపిస్తూ.

"నేనే ఏనుగునైతే ఈపాటికి నిన్ను తొండంతో ఎత్తి ఆ గోడవతల పడేసేదాన్ని," అంది చిన్నకోడలు.

మోకాళ్ళమీద కూర్చుని పాత గోళీలు ఒక్కోటీ ఏరుతోంది. అవి ఎలాగూ పారేసేవే. కానీ ఒక్కటి అడుగుకింద పడినా మనిషి జారి నడుం విరగ్గొట్టుకోవాలి. ఆ మనిషి ఈ పూట తను కాకూడదు.

ఈ పూట రెండు గంటలకల్లా ఆసుపత్రిలో ఉండాలి. ఆయా పని. పద్నాలుగు కిలోమీటర్ల దూరం. ఈ నెలలో ఇప్పటికి రెండుసార్లు ఆలస్యమైంది, రెండుసార్లూ ఈ చక్రం మొరాయించడం వల్లే. హెడ్‌నర్సు తిట్టలేదు. తిడితే బాగుండేది. నవ్వుతూ చెప్పింది: "మూడోసారి కూడా లేటైతే లోపలిదాకా రాకమ్మా, గేటు దగ్గర్నించే వెనక్కి పో. బయట బెంచీ మీద నలుగురు కూర్చున్నారు చూశావా? నీ పని కోసమే."

ఆదివారం బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. పొద్దుటి బస్సుకే పోయి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుంటానంటే మొగుడు ఒంటికాలిమీద లేచాడు. "అరగంట పని. సైకిలు షాపు ఆయన కోడలివై ఉండి బస్సెక్కుతావా, సిగ్గులేదూ?" అని. ఆ అరగంట మొదలై ఇప్పటికి గంటన్నర. బస్సు ఎప్పుడో పోయింది. గడియారం పది దాటింది. ఇక పన్నెండూ ముప్పావుకి సైకిలెక్కితే తప్ప రెండింటికి చేరదు.

సామాను కొరతేం లేదు. నిన్న సాయంత్రం ఆ కుంటిసైకిలు నడిపించుకుంటూ వస్తూ, షట్టర్ దించుతున్న షాపువాణ్ణి బతిమాలి కొత్త సెట్టు తనే తెచ్చుకుంది. ఇరుసు, రెండు కోన్లు, నట్లు, వైపుకి తొమ్మిది చొప్పున పద్దెనిమిది గోళీలు. బిగించి ఇవ్వమంటే, "ఊరెళ్తున్నానమ్మా, మళ్ళీ మంగళవారమే" అన్నాడు షాపువాడు.

హబ్‌ని కిరసనాయిలుతో కడిగింది కూడా తనే. లోపలి గిన్నెల్లో గుంటలేమైనా పడ్డాయేమోనని గోరుతో తడిమింది. నున్నగానే ఉన్నాయి. కొత్త గ్రీజు పట్టించి, గోళీల్ని ఒక్కోటీ దాంట్లో అద్ది నిలబెట్టింది. చిన్నోడు ఇరుసు దూర్చాడు. అక్కడిదాకా బాగానే నడిచింది. చిక్కంతా చివరి బిగింపులో వచ్చింది.

కోన్ అనేది ఇరుసు మరమీద ఎక్కే ముక్క. దాని మొన గోళీల మీద ఆనుతుంది. ఎక్కువ బిగిస్తే చక్రం తిరగదు, వదిలేస్తే ఊగుతుంది. సరిగ్గా కుదిరినచోట కోన్ కదలకుండా ఒక పానాతో పట్టుకుని, దానిమీద నట్టుని ఇంకో పానాతో బిగించాలి. కోన్‌కి పానా పట్టే చోటు గోరంత మందం ఉంటుంది. అందుకని దానికి పల్చటి పానా కావాలి. మామూలు పానా పెడితే కోనూ నట్టూ రెండూ కలిసి తిరుగుతాయి.

మామగారు బతికున్న రోజుల్లో ఈ వరండానే సైకిలు షాపు. ఆయన ఇనపపట్టీలు అరగదీసి, తన చేతికి ఒదిగేట్టు ఇలాంటి పానాల జోడీ చేసుకున్నాడు. కోన్ పట్టేది పల్చగా, నట్టు తిప్పేది మందంగా. ఆయన పోయాక కొడుకులిద్దరూ షాపు పంచుకున్నారు. పంచుకోవడమంటే అలా ఇలా కాదు. గాలిపంపు పెద్దోడికి, దాని గొట్టం చిన్నోడికి. హాక్సా చట్రం ఒకడికి, దాని బ్లేడు ఇంకొకడికి. పానాల జోడీ దగ్గరకొచ్చేసరికి చొక్కాలు పట్టుకున్నారు. చివరికి చెరొకటీ అన్నారు. నాన్న చెయ్యి ఎక్కువ పడింది దీనిమీదేనని పెద్దోడు పల్చటిది తీసుకున్నాడు. బరువుందని చిన్నోడు మందంది తీసుకున్నాడు. ఎవడికి వాడు తనే నెగ్గాననుకుని లోపలికెళ్ళి పడుకున్నాడు. ఇద్దర్లో ఒక్కడూ ఆ పనిలోకి పోలేదు. పెద్దోడు గోడౌన్‌లో వాచ్‌మన్, చిన్నోడు వీధి చివర మోటార్లకి వైండింగ్ చుట్టే షాపులో పని.

ఆ తర్వాత వరండా మధ్యలో, ఇద్దరి వాటాలకీ నడుమ, గోడ లేచింది. సిమెంటు బోలు ఇటికల గోడ, గుండెలెత్తు. పైవరస పూత నువ్వు వెయ్యాలంటే నువ్వు వెయ్యాలని ఎవరూ వెయ్యలేదు. ఇటికల బొక్కలు అలాగే నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

చిన్నోడు పల్చటి పానా బదులు పట్టకారుతో కోన్ పట్టుకుని నట్టు తిప్పాడు. పట్టకారు జారింది. కోన్ కూడా తిరిగిపోయి గోళీల్ని నొక్కేసింది. చక్రం బిర్రబిగుసుకుపోయింది. విప్పాడు. మళ్ళీ బిగించాడు. మళ్ళీ అదే.

"బిగించేముందే కోన్‌ని వెంట్రుకవాసి వదులుంచాలి. నట్టు బిగిసేటప్పుడు ఆ వదులు పోతుంది," అంది చిన్నకోడలు.

"నాకు చెప్తున్నావా? నేను పుట్టింది సైకిళ్ళ మధ్య."

"ఈగలూ అక్కడే పుట్టాయి. ఒక్కటీ నట్టు తిప్పలేదు."

చిన్నోడికి అరికాలి మంట నెత్తికెక్కింది. పళ్ళు పటపటా కొరుకుతూ మూడోసారి పట్టకారు బిగించాడు. ఈసారి కోన్ అంచు చెక్కుకుపోయింది.

గోడవతల పేపరు మడిచిన చప్పుడైంది. బావగారి గొంతు లేచింది, పెళ్ళాన్ని పిలుస్తున్నట్టు.

"ఏమే, ఎక్కడో ఏదో కొరుకుతున్న చప్పుడొస్తోంది. ఎలకేమో చూడు."

చిన్నోడు చక్రం మీంచి తల ఎత్తకుండానే తన పెళ్ళానికి చెప్పాడు. "ఎలకలు మనింట్లో లేవని చెప్పవే. ఉన్న ఒక్క పందికొక్కూ పంపకాల్లో అటువైపు పడిందని చెప్పు."

అన్నదమ్ములు మాట్లాడుకోక నాలుగేళ్ళు. మాట్లాడుకోకపోవడమంటే నోరు మూసుకున్నారని కాదు. తిట్లన్నీ పెళ్ళాల మీదుగా నడిచేవి. మొదట్లో తోడికోడళ్ళిద్దరూ నిజంగానే అటూ ఇటూ చేరవేసేవాళ్ళు. తర్వాత విసుగొచ్చి మానేశారు. గోడకి చెవిటితనం లేదుగా.

పదకొండయింది. చిన్నకోడలు చేతులకంటిన గ్రీజు పాతగుడ్డకి తుడుచుకుని లేచింది.

"ఎక్కడికి?"

"పానా అడగడానికి."

"ఆ గడప తొక్కావంటే మళ్ళీ ఈ గడప తొక్కనివ్వను."

"మంచిది. నన్ను భుజానెత్తుకుని పద్నాలుగు కిలోమీటర్లు నడుస్తావా? నడుస్తానను, తొక్కను."

చిన్నోడు మళ్ళీ పట్టకారు అందుకున్నాడు. ఆవిడ వీధిలోకి దిగి పక్క గుమ్మం ఎక్కింది.

తోడికోడలు గుమ్మంలో కూర్చుని కూరగాయలు తరుగుతోంది. కత్తి ఆపకుండానే కళ్ళెత్తింది.

"రావే రా. ఇన్నాళ్ళకి గుర్తొచ్చామన్నమాట."

"మర్చిపోనిస్తేగా అక్కా, గుర్తు రావడానికి? రోజూ పొద్దున్నే మీ చీపురు దుమ్మంతా గోడమీంచి పంపిస్తూనే ఉన్నావు."

"గాలి అటు కొడుతుంది, నేనేం చెయ్యను."

"నాలుగేళ్ళుగా అటే కొడుతోంది పాపం."

బావగారు వరండాలో కుర్చీ వేసుకున్నాడు. ఒళ్ళో మడిచిన పేపరు. వెనక గోడకి మేకు, ఆ మేకుకి పల్చటి పానా, ఫోటో తగిలించినట్టు. పక్కనే ఆయన సైకిలు, తళతళ తుడిచి, తాళం వేసి ఉంది.

"బావగారూ, రెండింటికి నాకు డ్యూటీ. ఇవాళ గనక పోలేదో పని పోతుంది. ఆ పానా ఒక్క పావుగంట ఇవ్వండి. మళ్ళీ నేనే తెచ్చిస్తా."

"పానా ఇవ్వను."

"పోనీ సైకిలివ్వండి ఈ పూటకి."

"ఇస్తాను. సాయంత్రానికి దాని ఇరుసూ రెండు ముక్కలు చేసి తెస్తావు. నీకు ఇరుసంటే లెక్కలేదు, వాడికి మనుషులంటే లెక్కలేదు." బావగారు పేపరు విప్పుకున్నాడు. "అమ్మాయ్, నేను చెడ్డవాణ్ణి కాదు. చక్రం ఇక్కడికి పట్రా. వాడి దగ్గరున్న మందపు పానా కూడా పట్రా. బిగించి ఇస్తాను. నాన్న పెద్దకొడుకుని, ఆ మాత్రం చెయ్యగలను. పానా మాత్రం నా చెయ్యి దాటదు."

"ఆయన ఇవ్వడు బావగారూ."

"ఇవ్వకపోతే నీ ఉద్యోగం పోగొట్టింది ఎవరో ఊరందరికీ తెలుస్తుంది. నాకేం."

కత్తి పక్కనపెట్టి మరీ నవ్వింది తోడికోడలు.

చిన్నకోడలు తిరిగొచ్చి మొగుడికి చెప్పింది. చిన్నోడు తన పానాని ఛాతీకి హత్తుకున్నంత పని చేశాడు.

"నా పానా గోడ దాటదు. నా చక్రం వాడి గడప తొక్కదు. అంతే."

చిన్నకోడలికి ఒళ్ళంతా కారం రాసినట్టయింది. గొంతు మాత్రం పెంచలేదు. "సైకిలు నాది. చక్రం నాది. పోయేది నా పని. నీదని చెప్పుకోడానికి ఇక్కడున్నది ఆ ఇనపముక్క ఒక్కటే. దాన్ని కూడా సగమే తెచ్చుకున్నావు."

చక్రం ఎత్తింది. దాన్ని తీసుకెళ్ళి గోడమీద పడుకోబెట్టింది. గొలుసు పళ్ళచక్రం, ఆ ఫ్రీవీల్ ఉన్న వైపు కిందికి. ఇరుసు కింది కొస ఇటిక బొక్కలో చక్కగా దిగబడింది. పైకొస ఆకాశంకేసి చూస్తోంది, మీద కోనూ నట్టూ. చక్రం సగం అటు, సగం ఇటు.

"బావగారూ!" అని గట్టిగా పిలిచింది. "చక్రం మీ గడప తొక్కలేదు, మా ఇంట్లోనూ లేదు. గోడమీదుంది. మీ పానా మీ చేతిలోనే ఉండనివ్వండి, మీరు కోన్ పట్టుకోండి. ఇదిగో, నిన్నే, నీ పానా నీ చేతిలోనే ఉంచుకో, నువ్వు నట్టు తిప్పు. ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు. చక్రం చూడండి చాలు."

రానంటే ఎదుటివాడు వచ్చి గెలుస్తాడు. అందుకని ఇద్దరూ వచ్చారు. మేకుమీంచి పానా తీసి, దాన్ని పంచెకి తుడుచుకుంటూ పెద్దోడు అటు నిలబడ్డాడు. చిన్నోడు ఇటు. మొహాలు రెండూ చక్రంమీదికి వంచితే తలకీ తలకీ మధ్య జానెడు. ఇద్దరి బట్టతలా ఒకేచోట మొదలైందని చిన్నకోడలు అప్పుడే చూసింది.

పెద్దోడు కోన్ పట్టాడు. చిన్నోడు నట్టు తిప్పాడు. చిన్నకోడలు చక్రం ఎత్తి ఇరుసుని వేళ్ళతో తిప్పి చూసింది. కరకరమంది. బిగుసుకుంది.

"అటువైపువాళ్ళు మనుషులు తిప్పినట్టు తిప్పాలి, ఎద్దులు తిప్పినట్టు కాదని చెప్పు," అన్నాడు పెద్దోడు, పక్కకొచ్చి నిలబడ్డ పెళ్ళాంతో.

"మనుషుల్లా తిప్పాలంటున్నారు," అని పెద్దకోడలు జానెడు దూరంలో ఉన్న మరిదికి చేరవేసింది.

"ఇటువైపువాళ్ళు తిప్పడం బాగానే తిప్పుతున్నారు, అటువైపు పట్టే చెయ్యి వణుకుతోందని చెప్పు," అన్నాడు చిన్నోడు తన పెళ్ళాంతో.

"నాకా వణుకు? నాన్న నా చేతికి పానా ఇచ్చాడు. కొందర్ని పంక్చర్ తొట్టి దగ్గర బుడగలు చూడమని కూర్చోబెట్టాడు."

"ఆ పానాతో కొందరు బిగించిన చక్రం నడిబజార్లో ఊడి, పాలవాడి ముందుపళ్ళు రెండూ రాలాయి. నాన్నకి నెల్లాళ్ళు బజారుకెళ్ళడానికి మొహం చెల్లలేదు."

"నాన్న మంచంమీదుంటే మొహం చూపించనివాళ్ళు కూడా నాన్న మొహం గురించి మాట్లాడుతున్నారే!"

"చూపించనిచ్చారా? పెద్దకొడుకునంటూ తలగడకి అతుక్కుని కూర్చున్నారుగా, పెట్టె తాళం కోసం!"

"కోన్ కదులుతోంది," అంది చిన్నకోడలు.

ఎవరూ వినలేదు. వదులుగా ఉండాలని పెద్దోడు కోన్‌ని పైకి విప్పుతున్నాడు. గట్టిగా ఉండాలని చిన్నోడు నట్టుని కిందికి తొక్కుతున్నాడు. అదొకటీ ఇదొకటీ ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి కుమ్ముకుంటున్నాయి. మధ్యలో నలిగేది ఇరుసు మర. అన్నదమ్ములు చేతుల్లో బలమంతా పెట్టారు. మెడనరాలు పొంగాయి. చక్రం గోడమీద గిరగిరా తిరగబోయి, ఇటికని గీరి, దుమ్ము రాల్చింది. నట్టు కిర్రుమంది. ఇరుసు చుట్టూ సన్నటి వెండిపోగు లాంటిది లేచింది. మర లేస్తోందన్నమాట. ఇంకో అరచుట్టు తిరిగితే ఆ ఇరుసు ఇక ఇనపసామానువాడికే. ఇంకో ఇరుసు మంగళవారం దాకా లేదు.

గడియారం పన్నెండూ పది.

"వదలండి," అంది.

"ముందు అటువైపు వదలమను," ఇద్దరూ ఒకేసారి అన్నారు.

చిన్నకోడలు కిందికి వంగింది. డబ్బాలోంచి గుప్పెడు గ్రీజు తీసింది. అటు వేళ్ళమీద సగం, ఇటు వేళ్ళమీద సగం, గోడకి పేడ కొట్టినట్టు కొట్టి రుద్దింది. బలమంతా పెట్టి లాగుతున్న చేతులు రెండూ ఒక్కసారిగా జారాయి. చిన్నోడు వెనక్కి తూలి తలకిందులుగా ఉన్న సైకిలుమీద పడ్డాడు. అటు పెద్దోడి మోచెయ్యి కుర్చీకి కొట్టుకుని, "అమ్మా" అన్న కేక వినబడింది. పానాలు రెండూ కోన్‌మీదా నట్టుమీదా అలాగే అంటుకుని నిలబడ్డాయి.

వాటిని తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టింది. పల్చటిది ఎడమచేతిలో, మందంది కుడిచేతిలో.

మామగారికి చివరి ఏడాది చేతులు వణికేవి. వచ్చిన బేరాలు వెనక్కి పంపడానికి ఆయనకి మనసొప్పేది కాదు. కొడుకులిద్దరూ పనులకి పోయాక, మధ్యాహ్నాల్లో కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఆవిడ చేతులతో బిగింపించేవాడు. "ఎడమచెయ్యి రాయిలా ఉండాలమ్మా. తిరిగేది కుడిచెయ్యి ఒక్కటే" అనేవాడు. ఆ సంగతి కొడుకులకి తెలియదు. తెలిస్తే పంపకాల్లో ఈవిణ్ణి కూడా ఓ వాటా కింద లెక్కేసి కొట్టుకునేవాళ్ళు.

నట్టు మెల్లగా విప్పింది. లేచిన పోగుని గోటితో తీసిపారేసింది. మర రెండు చుట్లు మాత్రమే దెబ్బతింది, పైవైపు. కిందంతా బాగుంది. కోన్‌ని వేళ్ళతో ఆనించి, వెంట్రుకవాసి వెనక్కి తిప్పి, ఎడమచెయ్యి బిగబట్టి, కుడిచేత్తో నట్టు దించింది. చక్రం ఎత్తి తిప్పి చూసింది. సన్నగా ఊగింది. మళ్ళీ విప్పి, ఇంకాస్త దించింది. ఈసారి ఇరుసు వెన్నలో వేలు తిరిగినట్టు తిరిగింది.

అన్నదమ్ములిద్దరూ చేతులకంటిన గ్రీజు దేనికి తుడుచుకోవాలో తెలియక ఎత్తిపట్టుకుని చూస్తూ నిలబడ్డారు. పంచె పాడవుతుందని ఒకడికి, చొక్కా పాడవుతుందని ఒకడికి భయం.

చక్రం సైకిలుకి ఎక్కించింది. గొలుసు తగిలించి, వెనక్కి లాగి, నట్లు బిగించింది. సైకిలుని కాళ్ళమీద నిలబెట్టింది. పన్నెండూ నలభై. లోపలికెళ్ళి చీర మార్చుకునే టైము లేదు. అన్నం డబ్బా ఉన్న సంచీ తెచ్చి, పానాలు రెండూ అందులో పడేసి, హ్యాండిల్‌కి తగిలించింది.

"నా పానా," అన్నాడు చిన్నోడు.

"నా పానా అటు తీసుకుపోతావేంటమ్మాయ్?" అన్నాడు పెద్దోడు.

"చక్రం బిగించడానికి రెండూ కావాలి. చక్రం నాది. అందుకని రెండూ నాతోనే ఉంటాయి. కావలసినవాళ్ళు చక్రం విరగ్గొట్టుకుని రండి, బిగించి పంపిస్తా."

"తెగించింది," అంది పెద్దకోడలు గోడవతల. ఈసారి నవ్వలేదు.

చిన్నకోడలు సైకిలు వీధిలోకి దింపి ఎక్కింది. నాలుగడుగులు పోయిందో లేదో, వెనకనుంచి నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ వినని మాట వినబడింది.

"ఒరేయ్! చూస్తూ ఊరుకుంటావేంట్రా సన్నాసీ? నాన్న పానాలు రా అవి!"

"నేనేం చెయ్యనన్నా, చేతులనిండా గ్రీజు! నువ్వే పట్టుకోలేకపోయావా? నీ గుమ్మం ముందునించేగా పోయింది!"

"నా మోచెయ్యి ఇరిగింది రా! అసలు పెళ్ళాన్ని అదుపులో పెట్టుకోవడం నీకు చేతకాక..."

"అది మొదట్నుంచీ అంతే అన్నా! నాన్నే నెత్తికెక్కించుకున్నాడు!"

"అదే నేనూ అంటున్నా! రానీ సాయంత్రం, ఇద్దరం కలిసి అడుగుదాం!"

మలుపు తిరిగేదాకా రెండు గొంతులూ ఒకదానికొకటి అందిస్తూ తరుముకొచ్చాయి. చిన్నకోడలు వెనక్కి చూడలేదు. పెడల్ మీద లేచి తొక్కింది.

ఆసుపత్రి గేటు దగ్గర గడియారంలో రెండింటికి ఇంకా ఏడు నిమిషాలున్నాయి. చమట మొహానికి, గ్రీజు మోచేతులకి. బెంచీ మీద నలుగురూ తలలు తిప్పి చూశారు. హెడ్‌నర్సు పుస్తకంలో సంతకం పెట్టించుకుంటూ గడియారాన్నీ, మనిషినీ, చీరనీ మార్చి మార్చి చూసింది. అనడానికి ఏమీ దొరకలేదు. దొరకనందుకు మొహం గంటుపెట్టుకుంది.

చిన్నకోడలు పానాలు రెండూ ఆయాల బీరువాలో తన అరలో దుప్పట్ల కింద పెట్టి తాళం వేసింది. బకెట్ నింపుకుంటుంటే హెడ్‌నర్సు మళ్ళీ వచ్చింది, చేతిలో ఆఫీసు ఫోను పట్టుకుని.

"నీకే. ఎవరో ఇద్దరు మగవాళ్ళు, ఒకే ఫోన్లో ఒకేసారి అరుస్తున్నారు. ఏంటో పానాలంటున్నారు. ఒకడు తిడితే ఇంకొకడు అవునవునంటున్నాడు. ఎవరు వీళ్ళు?"

"మా ఇంటివాళ్ళేనమ్మా."

"ఏం చెప్పమంటావు?"

"నేను డ్యూటీలో ఉన్నానని చెప్పండి," అని బకెట్ ఎత్తుకుని వార్డులోకి నడిచింది.